ఏనుగు ఎదురుపడితే

ఆఫ్రికా సఫారీ చిత్రాలు మీలో చాలామంది చూసేవుంటారు. కెన్యాలోనో టాంజానియాలోనో పచ్చికబయలు నడుమ జీపు ఆగుతుంది. కూర్చున్నవాళ్లు ఫొటోలు తీసుకుంటూవుంటే ఏనుగుల మంద పక్కనుంచి నడిచిపోతుంది. డ్రైవరు మాత్రం ఫొటోలు తీయడు. అతని చూపంతా ఏనుగు చెవులమీద, తొండంమీద వుంటుంది. జీపును ఎప్పుడు వెనక్కు తీయాలో అవే అతనికి చెబుతాయి.

మన కుప్పం, పలమనేరు, రామకుప్పం పల్లెల్లో రాత్రిపూట చేనికి నీళ్లు కట్టబోయే రైతుకు జీపు లేదు. ఆ డ్రైవరుకు తెలిసిన విద్య ఇతనికే ఎక్కువ అవసరం.

ఎన్నో తరాలుగా అడవి ఏనుగన్నది ఎరుగని యీ ప్రాంతానికి 1980ల తొలినాళ్లలో తమిళనాడు, కర్ణాటక అడవులనుంచి మందలు వచ్చాయి. 1990లో ప్రభుత్వం కౌండిన్య అభయారణ్యాన్ని ఏర్పరచింది. దాని వైశాల్యం సుమారు 357 చదరపు కిలోమీటర్లు. అడవి అంచునే వరి, రాగి, చెరుకు, అరటి తోటలు. పెద్ద ఏనుగు రోజుకు సుమారు 150 కిలోల మేత తింటుంది. అడవిలో ఆకూ, బెరడూ ఏరుకుంటూ అంత తినాలంటే దానికి రోజులో ఎక్కువభాగం పడుతుంది. చెరుకు తోటలో అది ఒక్క రాత్రి పని. ఏనుగు దురాశ అని తిట్టేముందు యీ లెక్క వేసుకోవాలి. ఆ చెరుకు ఒక ఇంటివారి ఏడాది కష్టమన్నదీ మరవరాదు.

ఏనుగుకు చూపు అంత చురుకైనది కాదు; వాసన పసిగట్టడంలో మాత్రం దాన్ని మించిన జంతువులు బహు తక్కువ. గాలి మీవైపునుంచి దానివైపు వీస్తుంటే, మీరు దాన్ని చూడకముందే అది మిమ్మల్ని పసిగడుతుంది, సాధారణంగా తప్పుకునే పోతుంది. ప్రమాదమంతా హఠాత్తుగా ఎదురుపడడంలోనే వుంది. తెల్లవారుజాము మసకలో, పొదల మలుపులో, గాలి ఎదురుగా వీచేటప్పుడు జాగ్రత్త ఎక్కువ కావాలి. గుప్పెడు దుమ్ము జారవిడిస్తే గాలివాటం తెలుస్తుంది.

మేత మేస్తూ చెవులు తీరికగా విసురుకుంటున్న ఏనుగు నిమ్మళంగా వున్నట్లే. పలుచని ఆ చెవుల్లోని రక్తనాళాలకు గాలి తగిలి ఒంటి వేడి తగ్గుతుంది. చెవులు ఆడడం ఆగిపోయి, కదలకుండా నిలబడిందా, వింటోందన్నమాట. తొండం పైకెత్తితే వాసన పడుతోంది. తలెత్తి, చెవులు విప్పి, ఘీంకరిస్తూ నాలుగడుగులు ముందుకురికి ఆగితే, అది చాలాసార్లు బెదిరింపే. తల దించి, తొండం లోపలికి ముడుచుకుని, చప్పుడు లేకుండా వస్తేనే అసలు ప్రమాదం. ఇదేమీ ఎప్పుడూ తప్పని సూత్రం కాదు. కణతలనుంచి మదజలం కారుతున్న మగ ఏనుగు ఏ సూత్రానికీ లొంగదు.

పరుగెత్తి తప్పించుకోవచ్చుననుకుంటారేమో! ఏనుగు గంటకు సుమారు 25 కిలోమీటర్ల వేగం అందుకోగలదు, అంటే సెకనుకు 7 మీటర్లు. మీకూ దానికీ మధ్య 30 మీటర్లుంటే మీ చేతిలో వున్నది నాలుగు సెకన్లు. అదే 200 మీటర్లయితే దాదాపు అర నిమిషం. కాబట్టి ఏనుగు బెదిరించకముందే, దూరం వుండగానే, చప్పుడు చేయక వెనక్కు తగ్గాలి. సెల్ఫీ కోసం దగ్గరికి పోయేవాళ్లకు లెక్కలు రావనే నా అభిప్రాయం.

ఒక ఏనుగు కనిపిస్తే ఒకటే వుందనుకోకండి. 1984లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ జంతుప్రదర్శనశాలలో ఆసియా ఏనుగుల దగ్గర నిలబడిన కేటీ పేన్ అనే శాస్త్రవేత్తకు గాలిలో ఏదో అదురు తగిలింది, శబ్దం మాత్రం వినబడలేదు. రికార్డు చేసి చూస్తే ఏనుగులు 20 హెర్ట్జ్‌లకు లోపు ధ్వనులతో మాట్లాడుకుంటున్నాయి! ఇవే మీ పాఠంలోని పరశ్రావ్యాలు. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు, 20తో భాగించండి. తరంగదైర్ఘ్యం 17 మీటర్లు. అంత పొడవు తరంగాన్ని చెట్లూ పొదలూ అడ్డగించలేవు. అందుకే కిలోమీటర్ల దూరానికీ కబురు అందుతుంది.

చేను కాపాడుకోవడానికి వాడే సౌర విద్యుత్ కంచె క్షణకాలం మాత్రమే షాకిచ్చి వదిలేస్తుంది. ఏనుగు బెదిరి వెళుతుంది, చావదు. స్తంభంనుంచి నేరుగా తీగ లాగితే విద్యుత్తు ఆగకుండా ప్రవహిస్తుంది. దానికి ఏనుగులూ చచ్చాయి, మనుషులూ చచ్చారు. అలా లాగడం నేరం కూడా. 2025 మేలో కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగులను మన రాష్ట్రానికిచ్చింది. చేలల్లో పడిన మందలను తిరిగి అడవికి మళ్లించడం వాటి పని.

మంద దూరంగా వెళ్లిపోయిందని అటవీ సిబ్బంది చెప్పాక, పెద్దవాళ్లతో చెరువుగట్టుకు వెళ్లి అడుగులు చూడండి. ముందు కాలి అడుగు చుట్టుకొలతను దారంతో కొలిచి రెండుతో హెచ్చిస్తే ఏనుగు భుజం ఎత్తు సుమారుగా వస్తుంది. 120 సెంటీమీటర్లయితే ఎత్తు 240, అంటే పెద్ద ఏనుగు. దాని పక్కనే 50 సెంటీమీటర్ల అడుగు కనిపించిందంటే ఎత్తు మీటరే, పాలు తాగే గున్న. గున్నలున్న మంద ఎవరినీ దగ్గరికి రానివ్వదు. మేకలు తోలుకుపోయేవారికి ఆ ఉదయమే ఆ సంగతి చెప్పాలి.