సంతకం పెట్టకు బిడ్డా

ఉట్నూర్

మేనకోడలికి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ రోడ్డు మీద ఒక గిరిజనుని జాగను లీజుకు తీసుకుంటున్నవని మీ అమ్మ చెప్తే నమ్మలే. షరతులన్నిటిని ‘ఇట్లయితే అట్ల’ అని విడగొట్టి కంప్యూటర్ల పెట్టిన, ఎక్కడా ఒకదానికొకటి అడ్డం రాలేదని రాసినవు. మంచి విద్యనే. 1957లనే లేమన్ అలెన్ అనే అమెరికా పండితుడు చట్టం కాయితాలకు గణిత తర్కం వాడి చూపిండు. 1986ల లండన్ పండితులు బ్రిటిష్ పౌరసత్వ చట్టాన్నే ప్రోగ్రాముగా రాసిండ్రు. మా ఇంటి పిల్ల ఆ తొవ్వల నడుస్తుంటే నాకు గర్వం కాదా?

కానీ షరతులు పొసగుడు వేరు, ఒప్పందం చెల్లుడు వేరు. నీ కంప్యూటర్ కాయితం లోపలిదే చూసింది. ఆ జాగ ఏ చట్టం కింద ఉన్నదో చూడలే. అన్నంభట్టు రాసిన తర్కశాస్త్ర పుస్తకం తర్కసంగ్రహం చదివినోళ్లను అడుగు, హేతువుల దోషం ఉంటే నిగమనం నిలువదంటరు. నేనెప్పుడూ హేతువు దగ్గరనే ఆగుత. ఇక్కడ ఆ హేతువు ఏందంటే, జాగ ఇచ్చేటోళ్లకు, తీసుకునేటోళ్లకు ఈ ఒప్పందం చేసుకునే హక్కు ఉన్నదా? అది తేలకుంట రెండో షరతు చదువొద్దు. కిరాయి ఎంత, గడువు ఎన్నేండ్లు అన్నవి ఆ తర్వాతి ముచ్చట్లు.

ఇది ఏజెన్సీ, అంటే గిరిజనుల షెడ్యూల్డ్ ప్రాంతం. మనం గిరిజనులం కాదు. 1959 భూ బదలాయింపు రెగ్యులేషన్‌ను 1970ల సవరించినంక, ఇచ్చేది ఎవరైనా సరే, తీసుకునేది గిరిజనుడో, గిరిజనులే సభ్యులుగా ఉన్న రిజిస్టరైన సహకార సంఘమో కాకుంటే చెల్లదు. ‘లీజే గదా మామా’ అంటవు. బదలాయింపు అంటే తాకట్టు, లీజు, అమ్మకం, దానం, మార్పిడి, ఆ ఆస్తి గురించిన ఒప్పందం కూడా అని అందులనే రాసి ఉన్నది.

వయసుల నేను ఆదిలాబాద్‌ల ఒక వకీలు దగ్గర గుమాస్తాను. ఫైళ్లు ఒళ్లె పెట్టుకొని ఇంద్రవెల్లి మీదుగ బస్సుల వచ్చేటోన్ని. కెస్లాపూర్ నాగోబా జాతర రోజులైతే నిలబడనీకె జాగ దొరకకపోయేది. మీ అమ్మమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె పక్కోళ్లకు పెట్టకుంట తినకపోయేటోన్ని. నువ్వు యాళ్లకు తింటున్నవా బిడ్డా? మొన్న ఫోటోల చిక్కినట్టు కనవడ్డవు. ఒకనాడు ఒక గోండు పెద్దాయన కేసుల అవతలి వకీలు ‘ఇది అమ్మకం కాదు, కౌలే’ అని శానా సేపు వాదించిండు. అధికారి బదలాయింపు అంటే ఏందో ఆ నిర్వచనం చదివి వినిపించిండు. వాదన అక్కడికే అయిపోయింది. పెద్దాయన బయటికొచ్చి, ‘ఇగ జొన్న నేనే వేసుకోవచ్చునా?’ అని నన్నడిగిండు.

గిరిజన దోస్తు పేరు మీద రాయించుకుంట అన్నవు. దుకాణం నడిపేది నువ్వే గదా, అంటే జాగ నీ స్వాధీనంలనే. ఏజెన్సీల గిరిజనేతరుల స్వాధీనంల ఉన్న ఆస్తి గిరిజనుల నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటది. కాదని రుజువు చేసే భారం నీది. ఇక్కడ వచ్చింది నిజంగ గిరిజనుని దగ్గర్నుంచే, ఇగ ఏం రుజువు చేస్తవు? 1997 జులై 11న సమత అనే సంస్థ వేసిన కేసుల, ఈ భూ బదలాయింపు చట్టంల ‘వ్యక్తి’ అంటే సర్కారు కూడా అని సుప్రీంకోర్టు చెప్పింది. సర్కారుకే తప్పంది మనకు తప్పుతదా?

దుకాణం పెట్టాలనే ఉంటే ఏజెన్సీ హద్దు అవతల నేనే జాగ చూస్త. ఆదివారం కాయితాలు పట్టుకొని రా, మీ అత్తమ్మ నీకోసం ఎదురుచూస్తున్నది. అప్పటిదాక సంతకం పెట్టకు.

నీ మామ