నది లేని రాజధాని - రియాదు నగరము

రాజమహేంద్రవరమునకు గోదావరి కలదు. విజయవాడకు కృష్ణ కలదు. కర్నూలునకు తుంగభద్ర, హైదరాబాదునకు మూసీ కలవు. నీరున్న చోట ఊరు వెలయుట లోకసహజము. కాని ఈ భూమిమీద ఒక్క నది యైనను పారని దేశము కలదు. అదియే సౌదీ అరేబియా. సముద్రతీరమునకు దాదాపు నాలుగువందల కిలోమీటర్ల దూరమున, ఎడారి నడుమ, దాని రాజధాని రియాదు నగరము నిలిచియున్నది. అచ్చట ఏటికి కురియు వాన సుమారు 100 మిల్లీమీటర్లు మాత్రమే. మన అనంతపురము జిల్లాలో కరవు సంవత్సరమున పడు వానయు దానికంటె ఎక్కువ. అయినను 2022 నాటి జనాభా లెక్కలను బట్టి ఆ నగరమున సుమారు 70 లక్షలమంది నివసించుచున్నారు.

ఈ నగరము పేరు మన పల్లెలకు క్రొత్త కాదు. జగిత్యాల, కరీంనగరము, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములనుండియు, కడప, రాయచోటి, కోనసీమలనుండియు అచ్చటికి పనులకై పోయినవారు వేలకు వేలుగా నున్నారు. వారిని పోషించు ఆ నగరము ఎట్లు నడచుచున్నది, దానికి నీరెక్కడిది, దాని అనుభవమునుండి మన రైతులు గ్రహింపదగిన దేమి అను విషయములను ఈ పాఠమున వివరింతుము.

పుట్టుక

అరబ్బీ భాషలో 'రియాదు' అనగా తోటలు అని అర్థము. నజ్దు అను పీఠభూమిపై, సముద్రమట్టమునకు దాదాపు 600 మీటర్ల ఎత్తున, వాదీ హనీఫా అను వాగు ప్రక్కన ఈ ఊరు వెలసినది. ఆ వాగు ఏడాదిలో చాల కాలము ఎండియే యుండును. వానలు పడినప్పుడు మాత్రము ఒక్కసారిగా పొంగును. దాని ఇసుక క్రింద నిలిచిన ఊటను నమ్ముకొని పూర్వులు బావులు త్రవ్వి ఖర్జూరపు తోటలు పెంచిరి. మన మోటబావులకడ ఎడ్లు తోలు బొక్కెనను లాగినట్లే, అచ్చట ఒంటెలును, గాడిదలును వాలుబాట వెంట దిగుచు నీటిని పైకి తోడెడివి.

దాపుననే యున్న దిరియా పట్టణము తొలుత సౌదీ వంశమువారికి రాజధాని. 1818లో అది శత్రుసేనల చేతిలో ధ్వంసమైన పిమ్మట, 1824లో రియాదు రాజధాని యైనది. తరువాత ఆ వంశమువారు దీనిని కోల్పోయిరి. 1902 జనవరిలో అబ్దుల్ అజీజు కొలదిమంది అనుచరులతో మస్మకు అను మట్టికోటను పట్టుకొని నగరమును మరల సాధించెను. 1932లో ఆయన తన రాజ్యభాగముల నన్నిటిని ఏకము చేసి సౌదీ అరేబియా రాజ్యమును ప్రకటించెను. 1938లో తూర్పుతీరమున దమ్మాము వద్ద సమృద్ధిగా చమురు పడినది. ఆ దేశపు చరిత్ర అచ్చటనుండి మలుపు తిరిగినది.

1950 ప్రాంతమువరకు రియాదు లక్షలోపు జనము గల మట్టిమిద్దెల ఊరు. 1950లలో మంత్రిత్వశాఖలను జిద్దా నగరమునుండి ఇచ్చటికి తరలించిరి. దానితో ఊరు గోడలు దాటి నలుదిక్కుల పెరుగసాగెను. 1973లో, గ్రీసు దేశీయుడైన దోక్సియాదిసు అను నగరనిర్మాణ నిపుణుడు రూపొందించిన ప్రణాళికను ప్రభుత్వ మామోదించెను. రెండేసి కిలోమీటర్ల చదరపు గడులుగా నగరమును విభజించి, నడుమ వెడల్పైన రహదారులు వేయుట ఆ ప్రణాళికలోని ముఖ్యాంశము. ఊహించిన దానికంటె జనము ఎన్నో రెట్లు పెరుగుటచే నగరము ఆ గడులను దాటిపోయినది. కాని ఆ గళ్ల రూపము నేటికిని కనబడుచున్నది.

పరిపాలన

సౌదీ అరేబియా రాజరికము. రాజే మంత్రిమండలికి అధికారములు ప్రసాదించును. 1992లో వెలువడిన మూలశాసనము పాలనావిధానమును నిర్ణయించుచున్నది. మజ్లిసు అష్షూరా అను సలహాసభలో 150 మంది సభ్యులు కలరు. వారిని రాజే నియమించును. 2013లో మొదటిసారిగా 30 మంది స్త్రీలకు ఆ సభలో స్థానము లభించినది. మన శాసనసభవలె అది ప్రజ లెన్నుకొనిన సభ కాదని చదువరులు గుర్తింపవలెను.

దేశము 13 ప్రాంతములుగా విభజింపబడినది. రియాదు ప్రాంతమునకు అమీరు అను పాలకు డుండును. నేటి రాజు సల్మాను 2015లో సింహాసన మెక్కుటకు పూర్వము దాదాపు అర్ధశతాబ్దము ఆ పదవిని నిర్వహించెను. నగరములోని వీధులు, పారిశుధ్యము, తోటలు, కట్టడముల అనుమతులు 'అమానా' అను పురపాలక సంస్థ చూచుకొనును. దాని క్రింద పేటపేటకు ఉపకార్యాలయములు కలవు. పురపాలక మండలులకు 2005లో పాక్షికముగా ఎన్నికలు జరిగినవి. 2015 ఎన్నికలలో స్త్రీలును ఓటు వేసిరి, పోటీ చేసిరి. నగరాభివృద్ధికి 1974లోనే ఒక ఉన్నతసంస్థ ఏర్పడినది. నేడది రాజ కమిషను పేరుతో పెద్ద నిర్మాణములను నడుపుచున్నది.

జీవనాధారము

చమురు బావులు తూర్పుసీమలో నున్నవి. చమురు సంస్థ కేంద్రమును అచ్చటి ధహ్రానులోనే యున్నది. రియాదునకు వచ్చునది చమురు కాదు, చమురు ధనము. ప్రభుత్వోద్యోగములు, బ్యాంకులు, వాటాల విపణి, వైద్యశాలలు, విశ్వవిద్యాలయములు, కట్టడపు పనులు, వ్యాపారము ఈ నగరపు జీవనాధారములు. చమురు ధర హెచ్చిన యేట నగరమున కట్టడములు లేచును. ధర పడిపోయిన యేట పనులు ఆగును, కూలీల జీతములును ఆగవచ్చును. 2014 తరువాత చమురు ధర పడినప్పుడు కొన్ని పెద్ద నిర్మాణ సంస్థలలో వేలమంది విదేశీ కార్మికులకు నెలల తరబడి జీతము లందలేదు. వారిలో మనవారును ఉండిరి.

ఒక్క సరకును నమ్ముకొనుట ప్రమాదమని గ్రహించి ప్రభుత్వము 2016లో 'విజన్ 2030' అను ప్రణాళికను ప్రకటించెను. పరిశ్రమలు, యాత్రలు, క్రీడలు, వినోదముల ద్వారా ఆదాయము పెంచవలెనని దాని ఉద్దేశము. 2018లో స్త్రీలకు వాహనములు నడుపు అనుమతి లభించినది. అదే సంవత్సరము సరకులపై నూటికి 5 వంతున పన్ను మొదలై, 2020లో 15కు పెరిగినది. 2030లో జరుగనున్న ప్రపంచ ప్రదర్శన రియాదునకు దక్కినది.

నీరెక్కడిది?

ఈ పాఠమునకు ఇదియే ఆయువుపట్టు. వాగు ఊట బావులు పెరుగుచున్న నగరమునకు చాలలేదు. 1950ల నడుమ ఒక కిలోమీటరుకు మించిన లోతున నున్న రాతిపొరలలోనికి బోర్లు వేసిరి. ఆ లోతునుండి వచ్చు నీరు వేడిగాను, ఉప్పుగాను ఉండును. దానిని చల్లార్చి, శుద్ధిచేసి గాని త్రాగరాదు.

అదియు చాలనందున సముద్రమువైపు చూచిరి. తూర్పుతీరమున జుబైలు వద్ద సముద్రపు నీటినుండి ఉప్పును వేరుచేయు కర్మాగారమును నిర్మించి, 1980లలో నాలుగువందల కిలోమీటర్లకు మించిన పొడవున పెద్ద ఉక్కు గొట్టములు వేసి, పంపుల సాయమున ఆ నీటిని పీఠభూమిపైకి ఎక్కించిరి. 2014లో ప్రారంభమైన రాసుల్ ఖైరు కర్మాగారము రోజునకు సుమారు 10 లక్షల ఘనమీటర్ల నీటిని, అనగా 100 కోట్ల లీటర్లను సిద్ధము చేయగలదు. అందు అధికభాగము రియాదునకే పోవును.

ఉప్పును వేరుచేయు పద్ధతులు రెండు. సముద్రపు నీటిని కాచి, ఆవిరి చేసి, ఆ ఆవిరిని మరల చల్లార్చి మంచినీరుగా మార్చుట ఒకటి. అతి సన్నని రంధ్రములు గల పొరగుండ నీటిని గొప్ప ఒత్తిడితో నెట్టి ఉప్పును వెనుక నిలుపుట రెండవది. రెండింటికిని ఇంధనము విశేషముగా కావలెను. శుద్ధిచేయుటకు కొంత, కొండంత ఎత్తు ఎక్కించుటకు కొంత చమురో, వాయువో, విద్యుత్తో ఖర్చగును. కావున రియాదులో ఒక కడవ నీరు త్రాగువాడు ఆ నీటితోపాటు కొంత ఇంధనమును త్రాగుచున్నాడని చెప్పినను తప్పులేదు.

ఇందొక విచిత్రము కలదు. దూరమునుండి ఇంత ఖర్చుతో తెచ్చిన నీరు గొట్టముల అతుకులనుండియు, మురుగు గోతులనుండియు భూమిలోనికి ఇంకి, నగరము క్రింద పైపొరలలో చెమ్మ పెరిగినది. పునాదులు, నేలమాళిగలు తడిసినవి. క్రింది పొరలలో నీరు తరుగుచుండ, పై పొరలలో నీరు ఉబుకుట చూచి నిపుణులు కారుట నాపు పనులకును, మురుగు కాలువలకును పూనుకొనిరి. మురుగును శుద్ధిచేసి తోటలకు, నగరము చేరువనున్న పొలములకు, చమురుశుద్ధి కర్మాగారమునకు వాడసాగిరి. చెత్తకుప్పగా మారిన వాదీ హనీఫా వాగును బాగుచేసి, రాళ్లు, మొక్కలు, సూక్ష్మజీవుల సాయమున నీరు తేటపడునట్లు ఏర్పాటుచేసిరి. ఈ పనికి 2010లో ఆగాఖాన్ వాస్తునిర్మాణ పురస్కారము లభించినది. 2019లో ప్రకటించిన మరియొక పథకము క్రింద శుద్ధిచేసిన మురుగునీటితోనే 75 లక్షల చెట్లు పెంచవలెనని సంకల్పించిరి.

గోధుమ నేర్పిన పాఠము

1970ల చివర ఆ ప్రభుత్వము ఆహారమునకు పరులపై ఆధారపడరాదని తలచి, రైతులకు ఉచితముగా భూమియు, సులభముగా అప్పులును ఇచ్చి, గోధుమను లోకపు ధరకు పలు రెట్లు హెచ్చు ధరకు కొనుటకు పూనుకొనెను. పొలము నడుమ లోతైన బోరు, దానిచుట్టు చక్రములపై గుండ్రముగా తిరుగు పొడవైన గొట్టము, ఆ గొట్టమునుండి జల్లు. విమానమునుండి చూచినవారికి ఎడారిలో పచ్చని వృత్తములు కనబడెడివి. 1980ల నడిమికి దేశమున గోధుమ సమృద్ధియైనది. అంతట ఆగక విదేశములకు ఎగుమతియు చేసిరి.

కాని ఆ నీరు నిన్నటి వాన నీరు కాదు. వేల ఏండ్ల క్రిందట, ఆ సీమలో వానలు కురిసిన కాలమున భూమిలో ఇంకి నిలిచిన నీరు. ఏటేటా కురియు కొద్దిపాటి వాన దానిని నింపజాలదు. వడ్డీతో జీవింపవలసినవాడు అసలును తిన్నట్లాయెను. నీటిమట్టములు క్రుంగినవి. బోర్లు మరింత లోతునకు పోయినవి. రియాదునకు దక్షిణమున లైలా పట్టణముకడ యుగములుగా నున్న సరస్సులు 1990ల నాటికి ఎండిపోయినవి. కడకు 2008లో ప్రభుత్వము గోధుమ కొనుగోళ్లను క్రమముగా తగ్గింపవలెనని నిర్ణయించి, 2016 నాటికి నిలిపివేసెను. తరువాత చిన్నరైతులకు పరిమితముగా మరల అనుమతించినను, పూర్వపు ధోరణికి తిరిగి పోలేదు.

ఎండిన సరస్సును చమురు ధనము తిరిగి నింపలేదు. నగరము దాహము తీర్చుటకు వారికి సముద్రమును, దానిని శుద్ధిచేయు ధనమును కలవు. మన మెట్టపల్లెలలో వేయి అడుగుల బోరు ఎండినచో, వెనుక నిలుచున్న సముద్ర మేదియు లేదు.

రాకపోకలు

1951లో దమ్మామునుండి రియాదునకు రైలు నడచినది. 1983లో క్రొత్త విమానాశ్రయము తెరువబడినది. పెట్రోలు చౌకగా దొరకుటచే అందరును కార్లనే నమ్ముకొనిరి. రహదారులు కిక్కిరిసినవి. ఈ కష్టము తీర్చుటకు 2013లో మెట్రో రైలు నిర్మాణమునకు ఒప్పందములు కుదిరి, 2024 డిసెంబరులో బండ్లు నడువసాగినవి. 2025 జనవరి నాటికి ఆరు మార్గములును పనిచేయుచున్నవి. మొత్తము 176 కిలోమీటర్లు, 85 స్టేషనులు. బండిని నడుపు మనిషి లేకయే అవి నడచును. ఆరింటిలో ఒక మార్గమును నిర్మించిన సంస్థల కూటమిలో, హైదరాబాదు మెట్రోను నిర్మించిన భారతీయ సంస్థయు ఒకటి.

పోదలచినవారికి

ఎండకాలమున అచ్చటి వేడి 43 డిగ్రీలు దాటును. జూను 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12 నుండి 3 గంటలవరకు ఎండలో పని చేయించుట చట్టవిరుద్ధము. 2021లో వచ్చిన మార్పులను బట్టి, కొన్ని నియమములకు లోబడి కార్మికుడు యజమాని మారుటకు అవకాశము కలిగినది. ఈ హక్కులు కాగితములు సరిగా నున్నవారికే అక్కరకు వచ్చును. కావున కేంద్రప్రభుత్వము వద్ద నమోదైన ఏజెంటు ద్వారానే పోవలెను. సందర్శన వీసాపై పనికి పోరాదు. ఒప్పందమును తెలుగులో చెప్పించుకొని, జీతము, పని, గడువు తెలిసికొనిన పిమ్మటనే వ్రేలిముద్రయో, సంతకమో చేయవలెను. పాసుపోర్టు, ఒప్పందము, వీసాల నకళ్లు ఇంటివద్ద ఉంచవలెను. ఇబ్బంది కలిగినచో రియాదులోని భారత రాయబార కార్యాలయమునకును, 'మదద్' అను ప్రభుత్వ ఫిర్యాదుల విభాగమునకును తెలుపుకొనవచ్చును. ఇంటివద్ద నున్నవారును ఆ ఫిర్యాదు చేయవచ్చును.

ఊరివారు చర్చించుకొనుటకు

1. మన గ్రామమున పది ఏండ్ల క్రిందట బోర్లు ఎంత లోతున నీరిచ్చెడివి? నేడెంత లోతున ఇచ్చుచున్నవి?

2. మన చెరువు పూడిక తీసి, కాలువ బాగుచేసినచో ఎన్ని బావులలో ఊట పెరుగును?

3. బోరు క్రింద వరికి బదులు తక్కువ నీటితో పండు పైరు లేవి? వాటిని కొనువారెవరు?

4. మన ఊరినుండి విదేశములకు పోయిన వారెందరు? వారి కాగితముల నకళ్లు ఇంటివద్ద ఉన్నవా?

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు ఏ గ్రంథమునను దొరకవు. వాటిని పంచాయతీ పెద్దలు, రైతులు, స్త్రీలు, విదేశమునుండి తిరిగివచ్చిన యువకులు కూడి కూర్చుండి వ్రాసికొనవలెను. ఎడారిలో పనిచేసి వచ్చినవారికి నీటి విలువ స్వయముగా తెలియును. వారి మాటకు సభలో ముందు చోటిచ్చుట మంచిది.