విమానముల వెనుకటి గాలిసుళ్లు

నదిలో లాంచి పోవునప్పుడు దాని వెనుక నీరు చీలి యలలై లేచుట మనమందఱము చూచియున్నాము. లాంచి కనుమరుగైన తరువాత గూడ నా యలలు ఒడ్డున గట్టిన దోనెలను ఊపుచునే యుండును. ఆకాశమున బోవు విమానము సైతము తన వెనుక నొక జాడను విడిచిపోవును. నీటిజాడ కంటికి కనబడును, గాలిజాడ కనబడదు. కనబడని యీ జాడవలన ప్రాణాపాయములు గలిగియున్నవి గనుక, దీనిని గూర్చి మన విద్యార్థులు తెలిసికొనుట మంచిదని తలంచి యిచ్చట కొంత వ్రాయుచున్నాము.

ఎగురునప్పుడు విమానపు రెక్కల క్రింద గాలియొత్తిడి హెచ్చుగను, పైన తక్కువగను ఉండును. ఒత్తిడి హెచ్చుగా నున్న చోటినుండి తక్కువగా నున్న చోటికి బోవుట గాలికి స్వభావము. కావున క్రింది గాలి రెక్కల కొనలను చుట్టి పైకెక్కును. విమానము ముందునకు సాగగా, ఈ చుట్టుకొను గాలి రెండు పొడవైన సుళ్లుగా వెనుక మిగులును. వెనుకనుండి చూచినచో ఎడమ సుడి గడియారపు ముళ్లు తిరుగు దిక్కునను, కుడి సుడి దాని కెదురు దిక్కునను తిరుగును. విమానము ఎంత బరువైనదో, ఎంత మెల్లగా బోవునో, సుడి యంత బలమైనది. దిగవచ్చు పెద్దవిమానము బరువు గలది, వేగము తగ్గించుకొన్నది. కావున దాని వెనుక బోవు చిన్నవిమానమునకు గండము పొంచియున్నది.

1972వ సంవత్సరము మే 30వ తేదీన అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున, ఫోర్ట్‌వర్త్ సమీపమున నిట్టి యుపద్రవమే సంభవించెను. శిక్షణకై యెగురుచున్న డీసీ-9 విమాన మొకటి, అంతకంటె పెద్దదగు డీసీ-10 వెనుక దిగబోయి, దాని సుడిలో జిక్కి నేలకొరిగెను. అందున్న నలుగురును మరణించిరి. దీని తరువాత విమానముల నడుమ నుండవలసిన దూరములు పెంపబడెను.

అంతర్జాతీయ నియమముల ప్రకారము 1,36,000 కిలోగ్రాములును అంతకు మించిన బరువునకును తగిన విమానములు భారీ వర్గమునకు జెందును. 7,000 కిలోగ్రాములకు మించనివి తేలిక వర్గమునకు జెందును. నడిమివి మధ్యమ వర్గము. భారీ విమానము వెనుక వచ్చునది భారీదైనచో 4 నాటికల్ మైళ్లు, మధ్యమమైనచో 5, తేలికదైనచో 6 నాటికల్ మైళ్లు ఎడముండవలెను. 6 నాటికల్ మైళ్లనగా సుమారు 11 కిలోమీటర్లు. కొన్ని విమానాశ్రయములలో నింతకంటె సూక్ష్మమగు వర్గములు గలవు.

ఒక రన్‌వేమీద నింతయే చాలును. రెండు రన్‌వేలు ప్రక్కప్రక్కన నున్నప్పుడు చిక్కు హెచ్చును. సుడి నిమిషమునకు 300 మొదలు 500 అడుగుల వఱకు క్రిందికి దిగును. నేలకు దాపైనప్పుడు దిగుట మాని, మనుష్యుని నడక వేగముతో ప్రక్కకు జరుగును. దీనికి అడ్డుగాలి తోడైనచో ఒక సుడి వచ్చిన రన్‌వేమీదనే నిలిచిపోవచ్చును. రెండవది ప్రక్క రన్‌వేమీదికి బోవచ్చును. అందువలన, రన్‌వేల నడిమిగీతల మధ్య 760 మీటర్లకు తక్కువ ఎడమున్నచో, సుడుల విషయమున ఆ రెండింటిని ఒక్కటిగానే యెంచుదురు.

శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయమున నిట్టి జంట రన్‌వేల నడుమ ఎడము 750 అడుగులు, అనగా సుమారు 228 మీటర్లు మాత్రమే. ఐనను ఆకాశము నిర్మలముగా నున్నప్పుడు, విమానచోదకులు ఒండొరులను కన్నులార చూచుకొనుచు రెండు విమానములను ప్రక్కప్రక్కన దింపు పద్ధతి అచ్చట బహుకాలము నడచినది. ఇంత దగ్గఱగా నుండుట యపాయము గాదా యని మన విద్యార్థులు అడుగవచ్చును. లెక్క వేసి చూతము. అడ్డుగాలితో గూడి సుడి సెకండునకు 3 మీటర్లు జరుగునని యనుకొనుడు. 228 మీటర్లు దాటుటకు 76 సెకండ్లు పట్టును. అంతలో ప్రక్కనున్న విమానము ముందునకు సాగిపోవును. సుడి దానిని పట్టుకొనజాలదు. కావున మిక్కిలి ప్రక్కన నున్నను క్షేమము, మిక్కిలి వెనుక నున్నను క్షేమము. ఈ రెంటి నడిమి దూరమున వచ్చువానికే గండము. చూచువానికి ఖాళీగా దోచు ఆ నడిమి చోటనే సుడి తిరుగుచుండును.

సముద్రపు మబ్బు క్రిందికి దిగి, ఒకరికొకరు కనబడనప్పుడు, జంటలను విడదీసి ఒక్క వరుసగా దింపవలసి వచ్చెడిది. అప్పుడు గంటకు 60 విమానములు దిగుచోట 30 మాత్రమే దిగెడివి. వందలకొలది ప్రయాణికులు వేచియుండి విసుగుకొందురు. ఆ యాలస్యమే ప్రాణరక్షణమునకు వెల.

దూరము పాటించుటయే గాక చోదకునకు మఱియొక యుపాయము గలదు. సుడి క్రిందికి దిగును గనుక, వెనుకవాడు ముందువాని మార్గమునకు పైగా వచ్చి, అతడు నేలను తాకిన చోటికి ముందుగా కాక, దానిని దాటి నేలను తాకవలెను. చక్రములు నేలకాని, రెక్కలు బరువు మోయుట మానినప్పుడు సుడి పుట్టుటయు ఆగును.

ఇందొక విశేషము గలదు. ముందుబోవు పెద్దవిమానపు చోదకునకు తన సుడి తెలియనే తెలియదు. అతడు సుఖముగా దిగును. బాధ వెనుకవచ్చు చిన్నవానిది. పాఠశాలలో పైతరగతులవారమును, ఇండ్లలో పెద్దలమును అగు మనము గూడ, మన వెనుక నెట్టి జాడ విడుచుచున్నామో అప్పుడప్పుడు వెనుదిరిగి చూచుకొనుట మేలు.