ఆ మీటరు జోలికి వెళ్లకు

చిరంజీవి చిన్నాకి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. టింకరింగ్ పని అయిపోయిందనీ, ఇంజన్ రీబోర్ చేయించుకుని తెచ్చావనీ చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. కానీ చివర్లో ఒక వాక్యం రాశావు చూడు, కారంతా కొత్తదవుతోంది కాబట్టి మీటరు కూడా జీరో చేయించేస్తున్నానని, అది మాత్రం నాకు మింగుడు పడలేదు. రంగు ఏది వేయిస్తావో, సీట్లకు ఏ రెక్సిన్ కుట్టిస్తావో నీ ఇష్టం. మీటరు సంగతి మాత్రం ఈ ఉత్తరం పూర్తిగా చదివాకే మెకానిక్‌తో మాట్లాడు నాన్నా.

నువ్వు చెప్పిన కారణాల్లో బలమున్నది ఒకటుంది, ముందు దాని గురించే చెబుతాను. పాత కార్లను బోల్టు బోల్టూ విప్పి మళ్లీ బిగించేవాళ్లలో చాలామంది మీటరును సున్నాకి తెస్తారు. ఆ పని తర్వాత బండి ఎంత నడిచిందో చూడగానే తెలియాలన్నది వాళ్ల ఉద్దేశం. అందులో మోసమేమీ లేదు. అయితే ఆ సున్నా చదివినవాడికి ఏమని చెబుతుంది? బండి మొత్తం అక్కడి నుంచే మొదలైందని చెబుతుంది. అంబాసిడర్‌కి లారీలా విడి ఛాసిస్ ఉండదు, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన డిజైన్ కదా, బాడీయే ఛాసిస్. పిస్టన్లూ రింగులూ కొత్తవి కావచ్చు. ఆ బాడీ రేకూ, దాని స్పాట్ వెల్డింగులూ, వెనక యాక్సిలూ, స్టీరింగ్ బాక్సూ 1968 నుంచి గతుకుల రోడ్ల మీద దెబ్బలు తిన్నవే. వాటి అలసట రీబోర్‌తో పోలేదు. రీబోర్ తర్వాతి లెక్కే కావాలనుకుంటే మీటరులో ఈ రోజు ఉన్న అంకె పుస్తకంలో రాసుకో, అవసరమైనప్పుడు తీసివేసుకో. రన్నింగ్-ఇన్ అయిపోయాక ఆయిల్ ఎప్పుడు మార్చాలో చెప్పడానికి ఆ తీసివేత చాలు.

ఇక రెండోది. ఇప్పుడున్న 41,872 అనే అంకెకి అర్థమే లేదన్నావు. ఐదు చక్రాల మీటరు కాబట్టి 99,999 దాటగానే మళ్లీ సున్నాల దగ్గరికొస్తుంది, అసలు నడిచింది 1,41,872 కావచ్చు, 2,41,872 కూడా కావచ్చు. పైగా కేబుల్ తెగి ఎన్నాళ్లు ఆగిపోయిందో ఎవరికీ తెలియదు. అదీ నిజమే. గేర్‌బాక్స్ నుంచి వచ్చే కేబుల్ ఎన్ని చుట్లు తిరిగిందన్నదే మీటరుకు తెలుసు, దూరం దానికి తెలియదు. కంపెనీ ఇచ్చిన 5.90-15 టైర్లు తీసేసి చుట్టుకొలత నూటికి ఐదు వంతులు తక్కువున్నవి వేస్తే, నిజంగా పదివేలు నడిచిన బండికి సుమారు ఐదు వందలు ఎక్కువ చూపిస్తుంది. ఇంతవరకూ నీతో ఏకీభవిస్తాను. కానీ ఆ అంకెను మొత్తం దూరంగా చదవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. అది ఒక వరసలో ఆఖరి అంకె. బీరువాలో నాన్నగారు దాచిన సర్వీసు బిల్లులన్నిటి మీదా ఆ రోజు మీటరు రీడింగు రాసి ఉంటుంది. తేదీల ప్రకారం పేర్చి చూడు. అంకె పెరుగుతూ పెరుగుతూ హఠాత్తుగా చిన్నదైన చోట మీటరు ఒక చుట్టు తిరిగినట్టు. ఏడాదంతా కదలని చోట కేబుల్ తెగి ఉండాలి, లేదా బండి షెడ్డులో ఉండాలి. ఎన్ని లక్షలు నడిచిందో తేల్చే దారి అదొక్కటే, ఆ దారి ఈనాటి 41,872 దగ్గరికొచ్చి ఆగుతుంది. పొలం కొనేటప్పుడు ఆఖరి దస్తావేజు ఎంత చక్కగా ఉన్నా లింకు డాక్యుమెంట్లు అడుగుతారు కదా, ఇదీ అంతే. సున్నా చేశావంటే ఆ బిల్లులకూ బండికీ సంబంధం తెగిపోతుంది.

అన్నట్టు, రాత్రి పదింటిదాకా షెడ్డులోనే ఉంటున్నావని వదిన చెప్పింది. ఆ పాత పెయింటు గీకేటప్పుడు దుమ్ము పీల్చకు, ముక్కుకి మాస్కు లేకుండా ఇసుక కాగితం ముట్టుకోకు. భోజనం వేళకి ఇంటికి రా.

అమ్మే ఉద్దేశం లేనప్పుడు ఇదంతా ఎందుకు అంటావని తెలుసు. నువ్వు అమ్మవు, నమ్ముతాను. కానీ కార్లు మనుషులకంటే ఎక్కువకాలం ఉంటాయి. నీ తర్వాత ఎవరి చేతికి వెళ్తుందో, ఆ మనిషికి మీటరు తప్ప చెప్పేవాళ్లెవరూ ఉండరు. అమెరికాలో మీటర్లు వెనక్కి తిప్పడాన్ని 1972లోనే ఫెడరల్ చట్టంతో నిషేధించారు. అయినా ఏటా 4,50,000 బండ్లు తప్పుడు రీడింగుతో చేతులు మారుతున్నాయనీ, కొన్నవాళ్లకు వంద కోట్ల డాలర్లకు పైగా నష్టమనీ అక్కడి రహదారి భద్రతా సంస్థ 2002లో అంచనా వేసింది. అవి ఎక్కువగా మామూలు సెకండ్‌హ్యాండ్ కార్లు, నీ అంబాసిడర్ లాంటివి కావు. ఆ చట్టంలో నీకు పనికొచ్చే ముక్క వేరే ఉంది. మీటరు పాడై మరమ్మతు చేసినప్పుడు పాత అంకె నిలబెట్టడం సాధ్యం కాకపోతే సున్నా పెట్టమనే చెబుతుంది. పెట్టి, పాత అంకె ఎంతో, ఏ తేదీన మార్చారో రాసిన కాగితం ఎడమ తలుపు ఫ్రేముకి అంటించాలంటుంది. అంటే సున్నాను కూడా ఒప్పుకుంటారు, దాని పక్కన మాట రాసి ఉండాలి. నీ మీటరు చక్కగా పనిచేస్తోంది కాబట్టి ఆ మినహాయింపు కూడా నీకు వర్తించదు.

మన దేశంలో 2021 నుంచి యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు, వీఏ అక్షరాలతో నంబరు, ఇరవై వేల రుసుము, పదేళ్ల గడువు. ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలన్నది అందులో షరతు. మీటరు ప్రస్తావన లేదు నిజమే. కానీ అసలు రూపం కోసం పాత హారన్ బటన్ దాకా వెతికి తెస్తున్నవాడివి, ఉన్న అసలు అంకెను చెరిపేస్తానంటే నాకు అర్థం కావడం లేదు.

పని జరిగే తీరు కూడా ఆలోచించు. మీటరు అద్దం చుట్టూ ఉండే రేకు రింగును స్క్రూడ్రైవరుతో పైకి లేపుతారు, అక్కడ గాటు పడుతుంది. అంకెల చక్రాలు ఒకదాన్నొకటి తిప్పుకునేలా సన్నని పళ్లతో అమర్చి ఉంటాయి. వాటిని వేలితోనో సూదితోనో నెడితే మీద ఉన్న పెయింటు రాలుతుంది, తర్వాత అంకెలు ఒక వరసలో నిలబడక ఒకటి పైకీ ఒకటి కిందకీ కనిపిస్తాయి. పాత కార్లు కొనేవాళ్లు ముందు చూసేది అదే. ఏ దురుద్దేశమూ లేని నిన్ను మోసగాడని అనుకుంటారు. ఆ మాట నీ మీద పడటం నేను భరించలేను కన్నా.

డాష్‌బోర్డు విప్పే ముందు మీటరుకి ఫోటో తీసి, అంకె, తేదీ రాసి ఆర్సీతో పాటు పెట్టు. డయల్ శుభ్రం చేయించుకో, గ్లాసు మార్పించుకో, చక్రాలు మాత్రం ఉన్నచోటే ఉండనీ. కేబుల్ కొత్తది వేసినా లోపలి తీగకి కిందివైపే పలచగా గ్రీజు రాయమను. మీటరు వైపు జానెడు మేర అసలు వద్దు. తిరుగుతున్నకొద్దీ గ్రీజు పైకి పాకి మీటరులోని అల్యూమినియం గిన్నెకి అంటుకుంటుంది, ఇక సూది ఒకచోట నిలవదు.

ప్రేమతో,
మీ అత్తయ్య