మిత్రులు కట్టుకున్న పాటలు

చాటువు అంటే ప్రియమైన పలుకు. కావ్యాలు రచించిన కవులే మిత్రగోష్ఠిలో కూర్చున్నప్పుడు, ప్రయాణంలో పూటకూటింట దిగినప్పుడు, ఎదుటివాని నడకనో వేషాన్నో చూసి నవ్వు వచ్చినప్పుడు ఆశువుగా చెప్పిన పద్యాలకు ఆ పేరు స్థిరపడింది. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు ఇటువంటివే. వాటిలో ఏవి నిజంగా ఆయనవో తేల్చడం కష్టం. కావ్యానికి కృతిభర్త ఉంటాడు. చాటువుకు పక్కన కూర్చున్న స్నేహితుడే కృతిభర్త. అతడు నవ్వితే కవికి సత్కారం ముట్టినట్లే.

కీర్తి కోసం గాని, ధనం కోసం గాని కాక, తమ ఉల్లాసం కోసమే మిత్రులు పదాలు అల్లుకొని పాడుకోవడం అన్ని భాషలలోనూ ఉన్నదే. సాహిత్య చరిత్రలు దీనిని పెద్దగా పట్టించుకోవు. పెద్దలు దీనిని వ్యర్థ కాలక్షేపమంటారు. అయితే ఈ వినోదానికి విద్వత్తు అక్కరలేదనుకోవడం పొరపాటు. పేరడీనే తీసుకుందాం. జరుక్ శాస్త్రిగా ప్రసిద్ధులైన జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి (1914-1968) సమకాలిక కవుల రచనలకు పేరడీలు కట్టి 'పేరడీ శాస్త్రి' అనిపించుకున్నారు. మూలకవి లయ, పదాల ఎంపిక, భావాన్ని మలుపు తిప్పే తీరు చెవికి పూర్తిగా పట్టుబడితే తప్ప పేరడీ పండదు. మాత్ర ఒక్కటి జారినా నవ్వు రాదు. ఛందస్సు పాఠంలో నెలల తరబడి బోధించినా వంటబట్టని సంగతి, మిత్రుని ఎగతాళి చేయాలనే ఉబలాటంతో ఒక్క సాయంకాలంలో పట్టుబడటం విచిత్రమేమీ కాదు.

చాటువుకు లేని ఒక సౌకర్యం ఇరవయ్యవ శతాబ్దపు మిత్రబృందాలకు లభించింది. అదే ధ్వనిముద్రణ. నోటిమాటగా పోవలసిన పాట పలకపైకి, తరువాత టేపుపైకి ఎక్కింది. దీని వలన కలిగిన మార్పు ఎటువంటిదో గ్రహించడానికి ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో జరిగిన ఒక ఉదంతం చక్కగా ఉపకరిస్తుంది.

1956లో లానీ డానెగన్ అనే గాయకుని పాటలతో బ్రిటన్ యువకులలో 'స్కిఫుల్' అనే గానపద్ధతి దావానలంలా వ్యాపించింది. దీనికి ఖరీదైన వాద్యాలు అక్కరలేదు. చవక గిటారు ఒకటి ఉంటే చాలు. బట్టలుతికే గరుకు రేకుపై అంగుస్తానాలు తొడిగిన వేళ్లతో గీరితే తాళం. తేయాకు వచ్చే చెక్కపెట్టెను బోర్లించి, దానికొక కర్ర నిలిపి, త్రాడు బిగించి మీటితే మంద్రస్వరం. వంటింటి నుండి, పెరటి నుండి పుట్టిన వాద్యబృందమన్నమాట. క్వారీ బ్యాంక్ పాఠశాలలో చదువుతున్న జాన్ లెనన్ అనే కుర్రవాడు తన స్నేహితులను కూడగట్టి ఇటువంటి బృందాన్నే ఏర్పరచి, బడి పేరు మీదుగా దానికి 'క్వారీమెన్' అని పేరు పెట్టాడు. అతడు బడిలో వింత బొమ్మలతో, అర్థంపర్థం లేని పద్యాలతో చేతివ్రాత పత్రికను నడిపి తోటివారిని నవ్వించినవాడు కూడా.

1957 జూలై 6న వుల్టన్ ప్రాంతంలోని సెయింట్ పీటర్స్ చర్చి ఉత్సవంలో ఈ బృందం పాడింది. లెనన్ పాడిన ఒక అమెరికా పాటకు అతనికి మాటలు సరిగా తెలియవు. వరుస మాత్రం వచ్చు. అతడు తడబడలేదు, మానలేదు. అప్పటికప్పుడు తోచిన మాటలు వేసి పాడుకుపోయాడు. ఆ మూలపాటను బాగా ఎరిగిన పదిహేనేళ్ల పాల్ మెకార్ట్నీ అక్కడే ఉన్నాడు. పాటలోని మాటలు కల్పితాలని గుర్తుపట్టాడు. ఆ ధైర్యానికే ముచ్చటపడ్డానని తరువాతి కాలంలో అనేక సందర్భాలలో చెప్పాడు. మన పరిభాషలో దానిని ఆశుకవిత్వమనవచ్చు. ఒక అవధాని ఎదుట మరొక అవధాని కూర్చున్నట్లు, ఆ తప్పులోని నేర్పును తెలిసినవాడే కనిపెట్టాడు. మెకార్ట్నీ ఆ బృందంలో చేరాడు. ఆ వెనుక జార్జి హారిసన్ చేరాడు.

1958లో ఐదుగురు మిత్రులు - లెనన్, మెకార్ట్నీ, హారిసన్, పియానో వాయించే జాన్ లో, డ్రమ్ములు వాయించే కాలిన్ హాంటన్ - కెన్సింగ్టన్ వీధిలోని పెర్సీ ఫిలిప్స్ అనే ఆయన ఇంటికి వెళ్లారు. ఆయన ముందు భాగంలో దుకాణం నడుపుతూ, వెనుక గదిలో రుసుము తీసుకొని ధ్వనిముద్రణ చేసేవాడు. మిత్రులు చెల్లించిన మొత్తం ఒక పౌను కూడా కాదు. పలకకు ఒకవైపు అప్పటికే ప్రసిద్ధమైన పాట. రెండవవైపు తాము కట్టుకున్న పాట. ఆ రెండవదానికి కర్తలుగా మెకార్ట్నీ, హారిసన్‌ల పేర్లు కలిసి ఉన్నాయి.

తయారైన ప్రతి ఒక్కటే. పంచుకోవలసినవారు ఐదుగురు. ఒక్కొక్కరు కొంతకాలం చొప్పున ఆ పలకను తమ ఇంట ఉంచుకోవాలని ఒప్పందం చేసుకున్నారు. అటువంటి పలకలు లోహపు బిళ్లకు లక్కవంటి పూత పూసి, దానిపై సూదితో గాడి కోసి చేసినవి. ముల్లు తగిలిన ప్రతిసారీ గాడి కొంత అరుగుతుంది. మిత్రులు ముచ్చటపడి ఎన్నిసార్లు వింటే పాట అంత త్వరగా నశిస్తుంది. ప్రేమతో వినడమే పాటకు ముప్పు కావడం ఇక్కడి చిక్కు. చివరికి పలక జాన్ లో వద్దకు చేరి అక్కడే ఆగిపోయింది. బృందం చెదిరింది. లో, హాంటన్ వేరు వృత్తులలో స్థిరపడ్డారు. మిగిలిన ముగ్గురూ 'బీటిల్స్' పేరుతో లోకప్రసిద్ధులయ్యారు. సుమారు ఇరవై మూడేళ్లు ఆ పలక లో ఇంట పడి ఉన్నది. 1981లో మెకార్ట్నీ దానిని కొన్నాడు. ప్రజలు ఆ పాటలు వినగలిగినది 1995లో.

లో ఇంట ఆ పలక భద్రంగా ఉండకపోతే ఏమయ్యేది? తెలుగు చాటువులకు ఇదే ప్రశ్న వేసుకోవచ్చు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో వేటూరి ప్రభాకరశాస్త్రి పూనుకొని 'చాటుపద్య మణిమంజరి'గా సంకలనం చేయకపోతే వాటిలో ఎన్నో వృద్ధుల నాలుకలతోనే అంతరించి ఉండేవి. ఇక్కడ ఒక భేదం గమనించదగినది. చాటువు నోటినుండి నోటికి మారుతూ సాన పడుతుంది. బాగోలేని పాదాన్ని జనమే సరిచేస్తారు. ముద్రించిన పాటకు ఆ అవకాశం లేదు. అపశ్రుతి, దగ్గు, మధ్యలో పొంగిన నవ్వు యథాతథంగా నిలిచిపోతాయి. ఇంటిపాటకు ఆ నవ్వే అందం.

1963లో ఫిలిప్స్ సంస్థ క్యాసెట్‌ను తెచ్చిన తరువాత ఇంటి ధ్వనిముద్రణ సులభమయింది. గల్ఫ్ దేశాలకు వలస వెళ్లిన తెలుగువారు తెచ్చిన టూ-ఇన్-వన్‌లు 1980 దశకం నాటికి పల్లెలకూ చేరాయి. ఉత్తరాలకు బదులుగా మాటలు నింపిన క్యాసెట్లు సముద్రాలు దాటాయి. వాటిలో పిల్లల పాటలూ ఉండేవి.

అదే దశకంలో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో జాన్ లినెల్, జాన్ ఫ్లాన్స్‌బర్గ్ అనే బాల్యమిత్రులు మరొక చమత్కారం చేశారు. తాము ఇంట్లో కట్టి ముద్రించిన చిత్రవిచిత్రమైన చిన్నచిన్న పాటలను టెలిఫోనుకు తగిలించే సందేశయంత్రంలో పెట్టారు. ఆ సంఖ్యకు ఫోను చేసినవారికి పలకరింపుకు బదులు పాట వినిపించేది. లైను ఒకటే కనుక ఒకసారికి ఒక్కరే శ్రోత. వేలమంది సభలో కూర్చొని వినే పాటకూ, చెవికి ఆనించుకొని ఒంటరిగా వినే ఈ పాటకూ ఎంతో అంతరమున్నది. ఇది చాటువుకు సన్నిహితం. ఈ మిత్రులు తరువాత వృత్తిగాయకులై పేరు పొందినా ఆ ఫోను పాటలను చాలాకాలం వదలలేదు.

ఇంటిపాటలన్నీ ఇలా గొప్ప గాయకులను తయారుచేస్తాయని కాదు. లక్షలాది మిత్రబృందాలలో ఏ ఒక్కటో ఆ స్థాయికి వెళుతుంది. మిగిలినవారి మాటేమిటి? క్వారీమెన్‌లో లెనన్‌తో బడిలో తిరిగినవారు, కీర్తి అందక ముందే బృందాన్ని వీడినవారు కొందరున్నారు. 1997లో, తొలి ఉత్సవానికి నలభై ఏళ్లు నిండిన సందర్భంలో, వారు తలలు నెరిసిన వయస్సులో వుల్టన్‌లో తిరిగి కలుసుకున్నారు. గిటార్లు, తేయాకు పెట్టె, గరుకు రేకు మళ్లీ బయటికి వచ్చాయి. చిన్ననాటి పాటలే పాడారు. ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి, వీలు చిక్కినప్పుడల్లా, ఆ పాటలే పాడుతూ వచ్చారు.