కంటికి కనబడని శత్రువు

మన చంద్రపూర్ జిల్లాలో బొగ్గు గనులు అనేకం ఉన్నాయి. వాటిలో పని వెతుక్కుంటూ ఎన్నో తెలుగు కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి.

గనిలో బొగ్గు గాలి తగిలి తనంతట తానే వేడెక్కుతుంది. ఒక్కొక్కప్పుడు లోలోపల రాజుకుంటుంది. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రమాదం తెలిసేలోగానే మనిషి స్పృహ తప్పవచ్చు.

పూర్వం బ్రిటన్ గనులలోకి కెనరీ పిట్టను పంజరంలో తీసుకువెళ్ళేవారు. పిట్ట సోలిపోతే విషవాయువు ఉన్నదని గ్రహించి పైకి వచ్చేసేవారు. పిట్టలకు బదులు పరికరాలు వాడాలని 1986లో అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది.

1960లో థియొడోర్ మైమన్ అనే శాస్త్రవేత్త మొదటి లేజర్‌ను వెలిగించాడు. లేజర్ కిరణంలో దాదాపు ఒకే తరంగదైర్ఘ్యం ఉంటుంది. ప్రతి వాయువూ కొన్ని ప్రత్యేక తరంగదైర్ఘ్యాల కాంతినే పీల్చుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్ పీల్చుకొనే పరారుణ కిరణాన్ని గాలిలోకి పంపి, అవతలి వైపు ఎంత తగ్గిందో కొలుస్తారు. తగ్గుదలను బట్టి విషం ఎంతో తెలుస్తుంది. పది లక్షల వంతుల గాలిలో కొద్ది వంతులే ఉన్నా అది పట్టుబడుతుంది.

పరికరం హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరికను పాటించి వెంటనే పైకి రావలసినది మాత్రం మనిషే. అప్పుడే గనిలోకి దిగిన తండ్రి క్షేమంగా ఇల్లు చేరుతాడు.