తెర మీది మాట ఎవరిది?

‘మంగమ్మగారి మనవడు’ సినిమా 1984లో వచ్చింది. మీలో చాలామంది చూసే ఉంటారు. హాల్లో చూడకపోతే టీవీలోనైనా చూసి ఉంటారు. అందులో మంగమ్మగా వేసిన పెద్దావిడ గుర్తుందా? గొంతు గట్టిగా ఉంటుంది. మాట సూటిగా ఉంటుంది. ఎవరికీ జంకదు. ఆమె పేరు భానుమతి.

ఆమె నటి అని అందరికీ తెలుసు. బాగా పాడుతుందని కూడా తెలుసు. కానీ ఆమె కథలు రాసింది. సినిమాకు కావలసిన కథ కూడా రాసింది. డైరెక్టరుగా నిలబడి సినిమాలు తీసింది. ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. ఈ పాఠంలో అదే చదువుదాం.

ముందు ఒక ప్రశ్న. సినిమాలో హీరోయిన్ ఏడుస్తూ ఒక మాట అంటుంది. ఆ మాట విని మనకూ ఏడుపు వస్తుంది. ఆ మాట ఎవరిది? ఆమెదేనా?

ఆ మాటను ఎవరో కాగితం మీద రాసి ఆమెకిచ్చారు. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు తల ఎత్తాలో, ఎప్పుడు కన్నీళ్ళు తుడుచుకోవాలో ఇంకొకరు చెప్పారు. రాసిన మనిషిని రచయిత అంటారు. దగ్గరుండి చేయించిన మనిషి డైరెక్టరు. తెలుగులో దర్శకుడు అంటాం. ఆడమనిషి అయితే దర్శకురాలు. నటి ముఖం మనకు కనిపిస్తుంది. వీళ్ళిద్దరూ కనపడరు. కాని కథలో ఆ ఆడపిల్ల బతకాలా, చావాలా, ఎదురు తిరగాలా, సర్దుకుపోవాలా అన్నది తేల్చేది వీళ్ళే.

నూతిలో దూకిన కాళింది

భానుమతి 1925లో పుట్టింది. ఊరు ఒంగోలు దగ్గర దొడ్డవరం. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యకు సంగీతమంటే ప్రాణం. ఆయనే కూతురికి పాట నేర్పాడు.

1939లో ఆమె మొదటి సినిమా వచ్చింది. దాని పేరు ‘వరవిక్రయం’. అంటే పెళ్ళికొడుకును అమ్మడం. కట్నం మీద కాళ్ళకూరి నారాయణరావు రాసిన నాటకం అది. ఆ నాటకాన్ని సి. పుల్లయ్య సినిమాగా తీశాడు. అందులో కాళింది అనే పిల్ల ఉంటుంది. కట్నం కోసం తండ్రి ఆస్తి అమ్ముకోవడం చూడలేక ఆ పిల్ల నూతిలో దూకి చనిపోతుంది. ఆ కాళిందిగా భానుమతి నటించింది. అప్పుడామెకు పదమూడు, పద్నాలుగేళ్ళు.

కాళిందికి ఒక చెల్లెలుంది. పేరు కమల. అక్క చావును కమల మరిచిపోదు. కట్నమిచ్చి పెళ్ళి చేసుకుంటుంది. డబ్బు పోసి కొన్న మొగుడు నావాడేనని ఆ ఇంటివాళ్ళకు బుద్ధి చెబుతుంది. ఒకే కథలో ఒక పిల్ల చస్తుంది, ఒక పిల్ల ఎదురు తిరుగుతుంది. రెండూ ఒక్క రచయిత చేతిలోనే ఉన్నాయి. ఆ వయసులో భానుమతి ఇదంతా ఆలోచించిందో లేదో మనం చెప్పలేం. ఇచ్చిన మాటలు నేర్చుకుంది, చెప్పింది. నటులందరూ చేసేది అదే.

1943లో ‘కృష్ణప్రేమ’ సినిమాకు పనిచేసేటప్పుడు రామకృష్ణ అనే యువకుడితో పరిచయమైంది. ఆయన అక్కడ అసిస్టెంటు డైరెక్టరు. అదే ఏడు ఇద్దరూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. 1945లో వచ్చిన ‘స్వర్గసీమ’తో ఆమెకు గొప్ప పేరొచ్చింది. తర్వాత మొగుడూ పెళ్ళాం కలిసి సొంత సినిమా కంపెనీ పెట్టుకున్నారు. కొడుకు పేరే దానికీ పెట్టారు. కొడుకు భరణి, కంపెనీ భరణీ పిక్చర్స్. తర్వాత మద్రాసులో భరణీ స్టూడియో కూడా కట్టారు.

ఇక్కడే అసలు చదువు జరిగిందని నా ఉద్దేశం. సొంత కంపెనీ అంటే సొంత వంటిల్లు లాంటిది. ఏ సరుకు ఎంతకు వచ్చిందో తెలుస్తుంది. ఏ వంట ఎక్కడ మాడిందో తెలుస్తుంది. ‘రత్నమాల’, ‘లైలా మజ్ను’, ‘ప్రేమ’ సినిమాలకు రామకృష్ణ డైరెక్టరు. వాటిలో భానుమతి నటి. తన సీను అయిపోతే ఇంటికెళ్ళిపోయే నటి వేరు. డబ్బు తమది, నష్టమొస్తే తమదే అని ఉండే నటి వేరు. ఆమె ఇలాంటిది.

చండీరాణి

1953లో ‘చండీరాణి’ వచ్చింది. కథ భానుమతిది. డైరెక్షను భానుమతిది. నటించింది కూడా ఆమే. అదీ ఒక వేషం కాదు, రెండు వేషాలు. ఇద్దరు కవల అక్కచెల్లెళ్ళ కథ అది. ఒకరు కోటలో పెరుగుతారు. ఒకరు అడవిలో పెరుగుతారు. ఇద్దరూ ఆమే. హీరో ఎన్.టి. రామారావు. సినిమాను తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తీశారు. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్ళు కూడా లేవు. తెలుగు సినిమాకు మొదటి దర్శకురాలిగా ఆమెనే చెబుతారు.

ఇందులో కష్టం ఏమిటో ఒక్కసారి చూద్దాం.

కవలలు ఒకే సీనులో పక్కపక్కన నిలబడాలి. కాని మనిషి ఒక్కతే. ఇప్పుడైతే కంప్యూటరులో చేస్తారు. ఆ రోజుల్లో కంప్యూటరు లేదు. కెమెరా అద్దాన్ని సగం మూసేవారు. నటి ఒక పక్క నిలబడి ఒక వేషం చేసేది. తర్వాత ఫిల్మును వెనక్కి తిప్పేవారు. ఈసారి రెండో సగం మూసేవారు. నటి చీర మార్చుకుని, జుట్టు మార్చుకుని, రెండో పక్కకొచ్చి రెండో వేషం చేసేది. అక్కడ లేని మనిషిని చూస్తూ, ఆమె మాట విన్నట్టే జవాబు చెప్పాలి. ఈ మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా పాడైపోతుంది.

నటి అయితే ఇంతవరకే. డైరెక్టరుకు ఇంకో తిప్పలుంది. సీను బాగా వచ్చిందా లేదా అని చూడాల్సింది డైరెక్టరే. మరి డైరెక్టరే కెమెరా ముందుంటే? ఇప్పుడు పక్కనే చిన్న టీవీ పెట్టుకుని వెంటనే చూసుకుంటున్నారు. అప్పుడు అదీ లేదు. ఫిల్ము కడిగించి తెర మీద వేసుకునే దాకా తెలియదు. బాగా రాకపోతే మళ్ళీ తీయాలి. ఫిల్ము ఖరీదు, స్టూడియో అద్దె, పనివాళ్ళ కూలి మళ్ళీ పెట్టాలి. పైగా మూడు భాషలు. మాట మారితే పెదవి కదలిక మారుతుంది. తెలుగులో తీసింది హిందీకి పనికిరాదు.

సెట్‌లో లైట్లు పట్టేవాళ్ళ దగ్గర్నుంచి కెమెరా పట్టేవాళ్ళ దాకా ఆ కాలంలో దాదాపు అందరూ మగవాళ్ళే. అంతమందికి ఒక ఆడమనిషి ‘ఇలా కాదు, మళ్ళీ చెయ్యండి’ అని చెప్పాలి. ఇంట్లో నలుగురు మగవాళ్ళకు పని చెప్పి చేయించడం ఎలా ఉంటుందో మీకు తెలుసు. వేరే చెప్పక్కర్లేదు.

పోయిన వేషం

ఇంత చేశాక కూడా, వేరేవాళ్ళ కంపెనీలో ఆమె నటి మాత్రమే. ‘మిస్సమ్మ’ సినిమాలో హీరోయిన్‌గా మొదట తీసుకున్నది భానుమతినే. కొంత భాగం తీశారు కూడా. షూటింగుకు వచ్చే వేళ గురించి నిర్మాత చక్రపాణితో తగాదా వచ్చింది. ఆమె తగ్గలేదు. ఆయనా తగ్గలేదు. తీసిన భాగం పక్కన పడేసి, సావిత్రితో మళ్ళీ తీశారు. 1955లో సినిమా వచ్చింది, చాలా బాగా ఆడింది. సావిత్రి గొప్ప నటి అయింది.

తప్పు ఎవరిదని ఇప్పుడు మనం పంచాయితీ పెట్టలేం. ఒక్కటి మాత్రం కనిపిస్తుంది. ఎంత పెద్ద నటి అయినా ఆమెను తీసేసి వేరొకరిని పెట్టవచ్చు. సొంతంగా రాసుకున్న కథ అలా కాదు. దాన్ని ఆమె చేతిలోంచి తీసి ఇంకొకరికి ఇవ్వలేరు.

అత్తగారు, కోడలు

భానుమతి రాసిన వాటిలో బాగా పేరొచ్చినవి ‘అత్తగారి కథలు’. ఇవి పుస్తకంలో చదివే కథలు. సినిమావి కావు. అక్షరాలు వచ్చినవాళ్ళు ఎవరైనా చదువుకోవచ్చు. మాటలు మన ఇళ్ళల్లో మాట్లాడుకునేవే. కథ చెప్పేది కోడలు. అత్తగారు పాతకాలం మనిషి. మడి, ఆచారం ఎక్కువ. తనకు తెలిసిందే రైటు అనుకుంటుంది. ఆవకాయ పెట్టడం లాంటి మామూలు పని కూడా ఆవిడ చేతిలో పెద్ద రామాయణం అవుతుంది. కోడలు పైకి నవ్వదు. మనం నవ్వుతాం.

సినిమాల్లో అత్తగారంటే మనకు సూర్యకాంతమే గుర్తొస్తుంది. కోడల్ని రాచిరంపాన పెట్టే అత్త. ఇప్పటి టీవీ సీరియళ్ళలో అత్తలు అంతకన్నా ఘోరం, విషం కూడా కలుపుతారు. భానుమతి రాసిన అత్తగారు అలా ఉండదు. మొండిది, అమాయకురాలు కూడా. కోడలికి ఆవిడ మీద విసుగుంది, ప్రేమా ఉంది. చాలా ఇళ్ళల్లో ఉండేది ఇదే కదా. ఇంత దగ్గరగా చూసి రాయాలంటే వంటింట్లో మసిలిన చెయ్యి కావాలి. ఈ కథలకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1966లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. తన జీవితం గురించి ‘నాలో నేను’ అని పుస్తకం రాసింది. సినిమా మీద వచ్చిన మంచి పుస్తకంగా దానికి జాతీయ బహుమతి వచ్చింది.

కథ రాయడం ఒకటి, సినిమాకు రాయడం ఒకటి. తేడా చిన్న ఉదాహరణతో చూద్దాం. ‘అత్తగారికి కోపం వచ్చింది’ అని కథలో రాయవచ్చు. చదివేవాళ్ళకు తెలిసిపోతుంది. కెమెరాకు ఆ మాట పనికిరాదు. కోపాన్ని ఫొటో తీయలేరు. అందుకని ఇలా రాయాలి. అత్తగారు గిన్నె మీద మూత ఠపీమని పెట్టింది. కోడలి వైపు చూడలేదు. మజ్జిగ పోయమంటే గ్లాసు దూరంగా జరిపింది. ఇప్పుడు కెమెరాకు పని దొరికింది. ఏ చెయ్యి ఎప్పుడు ఏం చేస్తుందో నటికి బాగా తెలుసు. ఏళ్ళ తరబడి చేసింది కదా. నటులు రాస్తే, తీస్తే వాళ్ళకు కలిసొచ్చేది ఈ అనుభవమే.

భానుమతి తర్వాత కూడా సినిమాలు తీసింది. 1972లో ‘అంతా మన మంచికే’, 1974లో ‘అమ్మాయి పెళ్ళి’, 1977లో ‘మనవడి కోసం’. 1982లో పిల్లలతోనే వేషాలు వేయించి ‘భక్త ధ్రువ మార్కండేయ’ తీసింది. మద్రాసులో ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా కూడా చేసింది. 2005 డిసెంబరు 24న చెన్నైలో చనిపోయింది.

ఇంకో ఇద్దరు

సావిత్రి కూడా డైరెక్షన్ చేసింది. 1968లో ‘చిన్నారి పాపలు’ తీసింది. ఆ సినిమాలో ముఖ్యమైన పనులు చాలావరకు ఆడవాళ్ళే చేశారు. సంగీతం పి. లీల. సినిమా ఆడలేదు. 1971లో తమిళంలో ‘ప్రాప్తం’ తీసి బాగా నష్టపోయింది. సొంత డబ్బు పెట్టి సినిమా తీయడమంటే పొలం తాకట్టు పెట్టి మిర్చి వేసినట్టే. పండితే పండుతుంది. లేకపోతే పొలమే పోతుంది. ఇది దాచకుండా చెప్పుకోవాలి.

విజయనిర్మల చిన్నపిల్లగా ఉన్నప్పుడే నటి అయింది. ‘పాండురంగ మహాత్మ్యం’లో బాలకృష్ణుడు ఆమే. పెద్దయ్యాక 1973లో ‘మీనా’ సినిమాకు డైరెక్షన్ చేసింది. అది యద్దనపూడి సులోచనారాణి నవల. రాసిందీ ఆడమనిషే, తీసిందీ ఆడమనిషే. ఆమె మొత్తం 44 సినిమాలు తీసింది. ప్రపంచంలో ఇన్ని సినిమాలు తీసిన ఆడమనిషి ఇంకొకరు లేరని 2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 2019లో చనిపోయింది.

చదివాక మాట్లాడుకోండి

‘వరవిక్రయం’లో కాళింది చనిపోతుంది, కమల ఎదురు తిరుగుతుంది. ఆ కథ మీరు రాస్తే కాళిందిని ఏం చేస్తారు?

మీరు ఈమధ్య చూసిన సినిమాలో ఆడవాళ్ళ మాటలు మన ఇళ్ళల్లో మాట్లాడుకునేలా ఉన్నాయా? ఈసారి సినిమా చూసేటప్పుడు మొదట్లో పేర్లు పడతాయి, వాటిని చదవండి. కథ ఎవరు, మాటలు ఎవరు, డైరెక్షన్ ఎవరు? అందులో ఆడవాళ్ళ పేర్లు ఎన్ని?

మీ ఇంట్లో అత్తకో, కోడలికో, ఆడపడుచుకో కోపం వచ్చిన ఒక రోజు గుర్తు చేసుకోండి. ‘కోపం’ అనే మాట వాడకుండా, ఆమె చేతులు ఏం చేశాయో ఐదు వాక్యాల్లో రాయండి.